జాజు పూసిన రాయి

ఆదివారం పొద్దున ఆరింటికి శ్రమదానం అని పాలమూరంతా చాటింపు వేయిస్తే, ఆరింటికి వచ్చింది ఇద్దరే. ఒకరు ఓవర్సీయర్ దశరథం. వాన నీళ్లు పోయే మోరీకి గీత గీసింది అతనే కాబట్టి రాక తప్పలేదు. రెండోది పెద్ద దవాఖానలో నర్సు, భద్రమ్మ. ఆమె ఎందుకు వచ్చిందో అతనికి అర్థం కాలేదు.

"చాయ్ గిన్నెలు తెచ్చింటే గా అరుగు మీద పెట్టుండ్రి సిస్టర్. జనం వచ్చినంక పోద్దురు" అన్నాడు టేపు విప్పుతూ.

ఆమె అతని వైపు చూసింది. సూది వేసేముందు పిల్లల్ని చూసే చూపు అది.

"నేను చాయ్ పోసెతందుకు రాలే. పార ఏది?"

"పారనా?"

"మోరీ తవ్వాలన్నరు గద. చెంచతోని తవ్వుతరా?"

దశరథం పార ఇచ్చాడు. ఇచ్చిన తర్వాత ఏమనాలో తోచక, "జర భద్రం, కాలు మీద పడ్తది" అన్నాడు.

"నా పేరే భద్రమ్మ" అని ఆమె చెంగు నడుముకు దోపి తవ్వడం మొదలుపెట్టింది.

కింది గల్లీ పేరుకు తగ్గట్టే పల్లంలో ఉంటుంది. పై వాడలన్నీ తమ వాన నీళ్లను దానికి అప్పజెప్పి హాయిగా పడుకుంటాయి. పోయినేడు ఇండ్లలోకి మోకాలు లోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తగ్గిన తర్వాత కలరా వచ్చింది. దవాఖాన వరండాలో చాపల మీద పడుకోబెట్టినవాళ్లకు చాకిరీ చేసింది భద్రమ్మే. అందులో కొందరు మళ్లీ ఇంటికి పోలేదు. ఈసారి మృగశిర కార్తె వచ్చి మిర్గం వానలు పడకముందే గల్లీ నుంచి వాగు దాకా మోరీ పూర్తికావాలి. కాకపోతే మళ్లీ అవే నీళ్లు, అవే చాపలు.

సర్కారు దగ్గర పైసలు లేవు. పైసలు లేనప్పుడు పైనుంచి ఉత్సాహం పంపిస్తారు. అట్లా కాగితం మీద వచ్చిన ఉత్సాహంతో పట్నంలో చదువుకున్నవాళ్లంతా జట్లు కట్టారు. వకీళ్లది ఒక జట్టు, పంతుళ్లది ఒకటి, దవాఖానవాళ్లది ఒకటి, కచేరీ గుమాస్తాలది ఒకటి.

ఆ మొదటి ఆదివారం వకీళ్లు ఎనిమిదింటికి వచ్చారు. తమ జట్టుకు పెద్ద ఎవరో తేల్చుకునేసరికి ఎండ ముదిరింది. పెద్దగా తేలినవాడు అమరేందర్. అతని ఇంటి ప్రహరీ గల్లీ పక్కనే కాబట్టి మోరీ మీద హక్కు తనదే అన్నాడు. పంతుళ్ల జట్టుకు పెద్ద కృష్ణయ్య సారు శ్రమ గొప్పతనం మీద చాలాసేపు మాట్లాడాడు. మిగతా పంతుళ్లు నీడలో కూర్చొని విన్నారు. పెద్ద డాక్టరు వచ్చి పార పట్టుకొని ఫోటో దిగి పోయాడు. పార తిరగేసి పట్టుకున్నాడని ఫోటో కడిగి చూసిన తర్వాతగాని తెలియలేదు.

ఇట్లాంటివాళ్లతో మోరీ ఏమవుతుంది? కాకూడదు. అయినా అయ్యింది. ఎందుకంటే భద్రమ్మ నోరు.

"వకీల్ సాబ్, బొబ్బలొస్తే పట్టి నేను కడ్త. తవ్వుండ్రి."

"సారూ, గుంతల దిగి చెప్పుండ్రి ఉపన్యాసం. మాకు గూడ మంచిగ వినపడ్తది."

ఆమెకు భయపడి పట్నంలోని పెద్దమనుషులు ఒక్కో ఆదివారం కొన్ని బారలు తవ్వారు. దశరథాన్నీ వదల్లేదు. గీత వంకర పోయిందంటుంది. టేపు సాగిందంటుంది. "ఓవర్సీర్ సాబ్, మీరు అస్తమానం గా గొట్టంల నుంచి ఏం జూస్తరు? నేను ఈడ్నే ఉన్న గద" అంటుంది. లెవెల్ యంత్రం కంటికి ఆనించుకున్నవాడు ఉలిక్కిపడి, చూసిన అంకె మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి చూసేవాడు. సాయంత్రం ఇంటికి పోయి ఆమె మీద కోపంతో అన్నం తినేవాడు. సోమవారం కోపం తగ్గేది. శనివారం నాటికి ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. అది ఏం రోగమో అతనికి తెలియదు.

ఇక రాయి సంగతి.

గురుతుకు కట్టె మేకులు పాతితే తెల్లారేసరికి పొయ్యిలోకి పోతున్నాయని, దశరథం గల్లీ నడుమ ఒక నాపరాయి పాతాడు. మోరీ లోతు అంతా ఆ రాయి నెత్తినుంచే కొలవాలి. అన్నీ తవ్విన తర్వాత, ఆఖరున దాన్ని పీకి ఆ కొంచెం జాగా తవ్వితే రెండు ముక్కలూ కలిసిపోతాయి. అదీ లెక్క.

ఒక ఆదివారం మాపటి మసక చీకట్లో ఇంటికి పోతూ ఆ రాయికి తట్టుకొని వకీలు అమరేందర్ బోర్లా పడ్డాడు.

"దానికి రంగేసి చావరాదు? చీకట్ల కానొస్తలేదు" అంది భద్రమ్మ, వకీలు మోకాలికి మందు పూస్తూ.

"రంగు యాడికెల్లి తేవాలె? సర్కారిచ్చిందా?"

"జాజు దొరకదా పాలమూరుల? గోడలకు పూసుకుంటలేరా?"

పక్కింట్లో అడిగి గిన్నెడు జాజు తెచ్చి దశరథం రాయికి ఎర్రగా పూశాడు. అది చూసి ఆమెకు తృప్తి కలగలేదు. ఎరుపు ఒక్కటే మసక వెలుతురులో కనబడదని, సున్నంలో వేలు ముంచి చుట్టూ తెల్లటి బొట్లు పెట్టింది.

"సక్కగ పెట్టు. వంకరపోయినయి."

"మీ మోరీకంటే సక్కగనే ఉన్నయి."

వాళ్లు అట్లా రాయికి అటొకరు ఇటొకరు కూర్చొని కొట్లాడుకుంటుంటే, కింది గల్లీ ఆడవాళ్లు గడపల్లో నిలబడి చూశారు. జాజు పూసి సున్నం బొట్లు పెట్టిన రాయిని ఈ దేశంలో ఏమంటారో ఓవర్సీయరుకు తట్టలేదు. నర్సుకూ తట్టలేదు. చదువుకుంటే ఇట్లాంటివి మరుపున పడతాయి.

మంగళవారం రాయికి పసుపు పడింది. శుక్రవారానికి వేపమండలు, కొబ్బరికాయలు, దీపం. ఆదివారం జట్లు వచ్చేసరికి పోచమ్మ తల్లి మోరీకి నట్టనడుమ కొలువై ఉంది.

అటు తవ్వడం అయిపోయింది, ఇటు అయిపోయింది. మిగిలింది ఆమె కూర్చున్న జాగా ఒక్కటే. ఒకపక్క వకీలుగారి ప్రహరీ, ఒకపక్క ఇండ్ల గోడలు. తప్పించి పోదామంటే జానెడు సందు లేదు.

వకీళ్లందరూ చెప్పులు విడిచారు.

"కబ్జా అమ్మవారిది" అన్నాడు అమరేందర్ చేతులు జోడించి. "కబ్జాల ఉన్నోళ్లను లేపాల్నంటే కోర్టుకు పోవాలె. పోతే నేను ఆమె తరఫున నిలవడ్త. ఎదురు మాత్రం నిలవడ."

"మూఢనమ్మకాల మీద వచ్చే ఆదివారం ఒక ఉపన్యాసం పెట్టుకుందాం" అన్నాడు కృష్ణయ్య సారు. అని, రాయి ముందరి కుంకుమ కొంచెం తీసుకొని కండ్లకద్దుకున్నాడు.

దశరథానికి ఒళ్లు మండింది. గడ్డపార ఎత్తాడు. రాయికి అడ్డంగా గల్లీకి పెద్ద అయిన నర్సింగమ్మ వచ్చి కూర్చుంది. ఆమె మాట దాటి ఆ గల్లీలో కోడి కూడా కూయదు.

"ముందుగాల నన్ను తవ్వి అవతల పెట్టు కొడుకా. తర్వాత తల్లిని తవ్వుదువు."

"అవ్వా, అది రాయి! నేనే పాతిన!"

"నువ్వు పాతలేదని ఎవ్వలన్నరు? ఎవ్వలో ఒకలు పాతకుంటే యాడికెల్లి వస్తది?"

"లెవెల్ కోసం పాతిన!"

"గా తల్లి ఎందుకోసం వచ్చిందో నీకేం ఎర్క?"

దశరథం భద్రమ్మ వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు. అందరికీ చెప్తవు గద!"

ఆమె అతని చెయ్యి పట్టి పక్కకు లాగింది. చెయ్యి పట్టిన సంగతి ఇద్దరికీ తర్వాత గుర్తొచ్చింది.

"ముట్టుకోకుండ్రి. పోయినేడు సూది ఏస్తమంటే ఈళ్లు తలుపులేసుకున్నరు. ఈసారి నా ముఖం చూసి చెయ్యి చాపిన్రు. మీరు గిప్పుడు గా రాయిని పీకితే, రేపు నాకు ఒక్క తలుపు తెరుస్తరా?"

"తలుపులు తెరిస్తె ఏమొచ్చె, వాన నీళ్లు ఎట్లనో లోపలికి పోతయి!"

"మీ వల్లనే గద! ఎవరు పూయమన్నరు అంత మందంగ?"

"జాజు అన్నది ఎవరు?"

"బొట్లు సక్కగ పెట్టుమన్నది ఎవరు?"

"ఇగ చాలు!" అంది నర్సింగమ్మ. "ఎండల గొంతులెందుకు చించుకుంటరు? తల్లిని పంపాల్నంటే పద్ధతున్నది. నిలిపినోళ్లే కదిలియ్యాలె. ఆలుమగలు కొంగుముడి ఏసుకొని, చుట్టూత నీళ్లారబోసి, ఇంటి ఆడబిడ్డకు పోసినట్టు ఒడిబియ్యం పోసి, డప్పుతోని పొలిమేర దాటిస్తే సంతోషంగ పోతది. మీ ఇద్దరే గద నిలిపిన్రు. కానియ్యుండ్రి మరి."

గల్లీ అంతా ఆ ఇద్దరి వైపు తిరిగింది.

"అవ్వా" అన్నాడు దశరథం, "మేం ఆలుమగలం కాదు."

"గాదా?" నర్సింగమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మరి గట్ల కొట్లాడుకుంటరేంది?"

వకీళ్ల జట్టు పడీపడీ నవ్వింది. నెలరోజుల్లో వాళ్లు అంత కలిసికట్టుగా చేసిన పని అదొక్కటే.

కృష్ణయ్య సారు తానూ తన భార్యా కూర్చుంటామన్నాడు. నిలిపింది మీరు కాదని నర్సింగమ్మ కొట్టిపారేసింది. అప్పుడు అమరేందర్ దశరథం చెవి కొరికాడు. చెవి కొరకడం కూడా వకీలు గొంతుతోనే కాబట్టి అందరికీ వినబడింది.

"ఉత్తుత్తగ కొంగుముడి ఏసుకోండ్రి భై. గంటసేపు. పెండ్లయిందని చెప్తే ఎవరు చూడొచ్చిన్రు?"

"నేను చెప్పను" అంది భద్రమ్మ. "నా మాట నమ్మి చెయ్యి చాపినోళ్లతోని అబద్ధం చెప్పను."

"నేను మాత్రం?" అన్నాడు దశరథం, విసుగు పట్టలేక. "ఎవరు ఒప్పుకుంటరు గిసొంటిదానికి?"

ఆ మాట తననే అన్నట్టు తగిలి భద్రమ్మ ముఖం మారింది. పార కిందపెట్టి, కొంగు దులుపుకొని, వెనక్కి చూడకుండా దవాఖాన దారి పట్టింది.

"నేనేమన్న?" అన్నాడు దశరథం చుట్టూ చూసి.

"సచ్చినోడా" అంది నర్సింగమ్మ, "తల్లికే గాదు, పిల్లక్కూడ కోపం తెప్పిచ్చినవు."

మరుసటి రోజుకే పడమట మబ్బు పట్టింది. ఇంకో పదిరోజులకు ఆషాఢం. ఆషాఢం వస్తే పెండ్లిళ్లు లేవు. పెండ్లి లేకపోతే రాయి కదలదు, రాయి కదలకపోతే మోరీ లేదు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఇట్లాంటి లెక్క ఒక్కటీ లేదు. దశరథం తల పట్టుకొని కూర్చున్నాడు. కండ్లు మూసినా మబ్బే కనబడుతుంది, మబ్బు వెనక కొంగు దులుపుకొని పోతున్న మనిషి కనబడుతుంది.

దవాఖానకు పోయాడు.

"చీటీ తీసుకొని లైన్ల నిలవడుండ్రి" అంది భద్రమ్మ తల ఎత్తకుండా.

చీటీ తీసుకున్నాడు. దగ్గేవాళ్ల వెనక, చంటిపిల్లల తల్లుల వెనక నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది.

"ఏం రోగం?"

"రోగం లేదు. మాట్లాడాలె."

"కలరా సూది వేయించుకున్నరా?"

"లేదు గని, నేను చెప్పేది..."

"కింది గల్లీల తిరిగేటోళ్లందరికి వెయ్యాలె. చెయ్యి."

అంగీ చేయి పైకి మడిచాడు. ఆమె స్పిరిట్ దూది రుద్దింది. అంత దగ్గర నుంచి ఆమె కనురెప్పలు చూడటం అదే మొదలు. చెప్పాలనుకున్నదంతా కలగాపులగమై ఒకేసారి నోట్లోకి వచ్చింది.

"ఉత్తుత్త ముడి వద్దన్న గని, నిజం ముడి వద్దన్ననా నేను? అబ్బా!"

"కదలకుండ్రి."

వెనక లైన్లో దగ్గులు ఆగిపోయాయి.

"మల్ల చెప్పుండ్రి" అంది ఆమె. సూది ఇంకా చేతిలోనే ఉంది.

"నిజం ముడి అయితే ఏసుకుంట. నీకు ఇష్టముంటే."

"మోరీ కోసమా?"

"మోరీ కోసమైతే పోలీసోళ్లను తెచ్చి రాయి పీకిస్తుంటి. మొదటి ఆదివారం వచ్చి పార ఏదన్నవు సూడు... అప్పటిసంది ఇదే బాధ."

"మరి ఇన్నొద్దులు ఏం జేసిన్రు?"

"ఏం జేస్త? కొట్లాడుతున్న గద!"

లైన్లో చంటిపిల్ల తల్లి ఒకామె ఆగలేక, "ఒప్పుకో సిస్టరమ్మా, మా పిల్లకు జెరమున్నది" అంది.

భద్రమ్మ నవ్వు ఆపుకోవడానికి దూది గట్టిగా అదిమింది. అతను మళ్లీ అబ్బా అన్నాడు.

"మా బాపు కొత్తకోటల ఉంటడు. పేరు యాదయ్య, బట్టల అంగడి. ఆయనను అడుగుండ్రి" అంది. తర్వాత తలుపు వైపు చూసి, "ఇంకెవరు?" అని కేకేసింది.

కొత్తకోట బస్సులో దశరథానికి సూది జ్వరం వచ్చింది. అంగడి ముందర దిగేసరికి చెయ్యి వాచి, కండ్లు ఎర్రబడి, నిలబడలేక గుంజ పట్టుకున్నాడు.

యాదయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "పిల్లనడిగెతందుకు వచ్చినవా, దవాఖాన అనుకొని వచ్చినవా?"

"మీ బిడ్డనే పొడిచింది."

"ఎప్పుడు పెండ్లి అంటవు?"

"ఈ వారంలనే."

"బర్రెను కొనాల్నంటే నెల ఆలోచిస్త నేను. వారంల బిడ్డనియ్యాల్నా? ఏం కొంపలు మునుగుతున్నయి?"

"కొంపలే మునుగుతయి" అని దశరథం ఉన్నదంతా చెప్పాడు. రాయి, జాజు, పోచమ్మ, మబ్బు. కులం కలిసింది. ఇతనిది నారాయణపేట మగ్గాల ఇల్లు, వాళ్లదీ మగ్గం వదిలి అంగడి పెట్టిన ఇల్లే. కలవకపోతే ఈ ముసలాయన గుంజ కూడా పట్టుకోనిచ్చేవాడు కాదు. లోకం అట్లాంటిదే, నేనేం చేసేది.

యాదయ్య తిరిగి బట్టల తానులు సర్దడం మొదలుపెట్టాడు.

"పోయినేడు కలరా పోయినంక నా బిడ్డ ఇంటికొచ్చింది" అన్నాడు సర్దుతూనే. "కొన్ని దినాలు ఎవ్వలతోని మాట్లాడలే. తినమంటే తినలే. పసిపోరలు పోయిన్రని మాత్రం ఒక్కసారి చెప్పింది. గంత నోరున్న పిల్ల ఊకుంటే ఇల్లు ఎట్లుంటదో నీకు తెల్వదు." ఒక తాను తీసి పక్కన పెట్టాడు. "గా మోరీ అయితదా?"

"అయితది."

"నీళ్లు పోతయా అందుల?"

"పోకుంటే నా నౌకరి దండుగ."

"అయితే పా. మీ అమ్మకు కబురు పంపు. ముందుగాల ఇంత జావ తాగు, పడిపోయేటట్టున్నవు."

జ్యేష్ఠం ఇంక ముగుస్తుందనగా, దొరికిన ముహూర్తానికి కొత్తకోటలో పెండ్లి జరిగింది. దశరథం తల్లి హనుమమ్మ నారాయణపేట చీర పట్టుకొని, ఇంత తొందర ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదని గొణుక్కుంటూ వచ్చింది. చెప్పిన తర్వాత ఇంకా ఎక్కువ గొణిగింది. నెత్తిన తలంబ్రాలు రాలకముందే కొంగుముడితో ఇద్దర్నీ బస్సెక్కించి పాలమూరు తెచ్చారు.

గల్లీలో డప్పు సిద్ధంగా ఉంది. నర్సింగమ్మ చెప్పినట్టు ఇద్దరూ నీళ్లారబోశారు, ఒడిబియ్యం పోశారు. భద్రమ్మ పసుపు రాసింది. దశరథం గడ్డపార వేసి రాయిని కదిలించాడు. అది సులభంగా లేవలేదు. గట్టిగా పాతింది అతనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు.

"నెత్తిన పెట్టుకో కొడుకా."

"అవ్వా, మణుగుంటది!"

"నిలిపేటప్పుడు ఎర్క లేదా?"

నెత్తిన రాయి, భుజం మీద ముడి. అతను తూలితే ఆమె కొంగు లాగి నిలబెట్టింది. వెనక వకీళ్లు, పంతుళ్లు, గల్లీ ఆడవాళ్లు. వాగు దాటి, పొలిమేర అవతల తల్లిని దించేసరికి మొదటి చినుకు పడింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. ముడి విప్పారు. దశరథం పెండ్లి పంచె ఎగగట్టి గుంతలో దూకాడు. వకీలు అమరేందర్ ఆలోచించకుండా పార పట్టుకోవడం ఆ రోజే చూశారు. కృష్ణయ్య సారు ఒక్క మాట మాట్లాడకుండా తట్టలు మోశాడు. ఆఖరి మట్టి ఎత్తేసరికి వాన దబదబా కురుస్తున్నది. పై వాడల నీళ్లు ఎర్రగా, చెత్తతో సహా, కింది గల్లీ మీదికి దిగుతున్నాయి.

నీళ్లు మోరీలో పడ్డాయి. రాయి ఉన్న చోట ఒక్క నిమిషం సుడి తిరిగి ఆగాయి. దశరథం గట్టు మీదినుంచి వంగి చూశాడు. రాయి పోయింది, లెవెల్ చూసుకునే ఆధారం పోయింది, ఆఖరి ముక్క కంటి అంచనాతో తవ్విందే. తర్వాత నీళ్లు నెమ్మదిగా కిందికి జారాయి. కానీ వాగు దాకా పోతున్నాయా? నడుమలో ఎక్కడన్నా నిలిచి వెనక్కి తిరిగితే, చీకటి పడకముందే గడపలు దాటుతాయి.

"నేను చూసొస్త" అని భద్రమ్మ పెండ్లి చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకొని మోరీ వెంబడి వాగు వైపు ఉరికింది.

గల్లీ అంతా గడపల్లో నిలబడింది. నర్సింగమ్మ తన గడప మీద కూర్చొని, కాళ్లు బయట చాపుకొని, నీళ్లు తగులుతాయేమోనని చూస్తున్నది. తగల్లేదు. యాదయ్య వానలో తడుస్తూ అల్లుడి పక్కన నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె వచ్చింది. జుట్టు ముఖానికి అంటుకుంది. బాసికం జారి చెవి మీదికి వచ్చింది. కుంటుతున్నది.

"ఏమైంది?" అన్నాడు దశరథం ఎదురుపోయి. "నీళ్లు ఆగినయా? ఎక్కడ ఆగినయి?"

ఆమె ఆయాసంతో మాట రాక, కోపంగా అతని వైపు చూసి, బురద కాలు ఎత్తి చూపించింది. చెప్పు లేదు.

"బాపు కొనిచ్చిన కొత్త చెప్పు. జర మోరీల కాలు పెట్టి చూస్తే గుంజుకపోయింది. వాగు దాకా పోయింది. వాగుల కలిసింది. నా కండ్ల ముంగటనే."

ఒక్క క్షణం దశరథానికి అర్థం కాలేదు. అర్థమైన తర్వాత, రాయి మోసిన నెత్తినుంచి జాజు నీళ్లు కారుతున్న ముఖంతో, ఆ నెలంతా నవ్వని నవ్వు నవ్వాడు. గల్లీ అంతా నవ్వింది. యాదయ్య మాత్రం వాన నీళ్లు తుడుచుకుంటున్నట్టు కండ్లు తుడుచుకున్నాడు.

"నవ్వుతరేంది?" అంది భద్రమ్మ. "ఊకె నిలవడ్డరేంది? పొండ్రి, పోయి పట్కరండ్రి!"

పాలమూరు వకీళ్లూ పంతుళ్లూ చూస్తుండగా, పెండ్లికొడుకు ఓవర్సీయర్ దశరథం తాను తవ్వించిన మోరీ వెంబడి పెండ్లాం చెప్పు కోసం వానలో పరుగెత్తాడు.